ఎలాగో చెప్పాకే రాయాలి

ముందు తూకం. చెప్పులు విడిచి, చేతిసంచి కింద పెట్టి, ఊపిరి బిగబట్టి నిలబడితే సిస్టరు అంకె చూసి చార్టులో వేస్తుంది. మొన్నటికంటే ఇవాళ ఎంత ఎక్కువుంటే అంతా నీరే. కిడ్నీలు రెండూ చేతులెత్తేసిన ఒంట్లో తాగిన నీళ్ళు తాగినట్టే ఉండిపోతాయి. వాటిని నాలుగు గంటల్లో మిషను లాగేయాలి. ఊపిరి బిగబడితే బరువు తగ్గదని టైలరమ్మకి తెలుసు. అయినా బిగబడుతుంది.

"రెండు కిలోల ఏడొందలు," అంది సిస్టరు. "ఏం తాగావ్ తల్లీ, చెరువా?"

"మంచుముక్క చప్పరించాను."

"మంచుముక్కా, మంచుకొండా?"

నవ్వాల్సిన చోట నవ్వి, టైలరమ్మ నాలుగో మంచం ఎక్కింది.

ఆమెకి నలభై రెండేళ్ళు. స్కూలు యూనిఫాంలు కుడుతుంది, ప్యాంట్ల అంచులు మడిచి వేస్తుంది, జిప్పులు మారుస్తుంది. పెళ్ళయిన నాలుగో ఏట మొగుడు వేరే కాపురం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరైనా కదిపితే "ఆయన కొలతలు నాకు కుదర్లేదు" అని సూదిలో దారం ఎక్కించుకునేది. పద్నాలుగు నెలల క్రితం కాళ్ళు ఉబ్బితే చెప్పుల సైజు మార్చింది. మొహం ఉబ్బితే నిద్ర చాలడం లేదనుకుంది. వాంతులు పట్టుకున్నాక ఆసుపత్రికొచ్చేసరికి లోపల అంతా అయిపోయింది. అప్పట్నుంచీ మంగళ, గురు, శనివారాలు పొద్దున్న ఆరున్నరకి ఇక్కడ హాజరు. మొదటి నెల ఏడ్చింది. రెండో నెల గోడని, మిషన్ని, డాక్టర్ల పొట్టి చేతుల కోట్లని తిట్టింది. మూడో నెల నుంచి ఏమీ లేదు. లోపల ఎవరో మెయిన్ స్విచ్ కట్టేసి ఇంటికెళ్ళిపోయినట్టు.

గదిలో పన్నెండు మంచాలు, పక్కన పన్నెండు మిషన్లు. ఒక్క కిటికీ ఉంది, అదీ దుప్పట్లుతికే షెడ్డు వెనకవైపుకి. ఎడమ మోచేతి దగ్గర రక్తనాళాలు రెండింటిని కలిపి కుట్టిన చోట సిస్టరు రెండు సూదులు దించుతుంది. ఒకదాంట్లోంచి రక్తం పోతుంది, ఒకదాంట్లోంచి వస్తుంది. ఆ చెయ్యి నాలుగు గంటలూ కదపకూడదు. కదిపితే మిషను అరుస్తుంది.

మూడో మంచం ప్రూఫులాయనది. అచ్చాఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. కట్టెపుల్లకి కళ్ళజోడు పెట్టినట్టుంటాడు. వచ్చిన మొదటి వారంలోనే గోడమీద "నిశ్శబ్దం పాఠించండి" అన్న బోర్డు మీద ఠా కొట్టేసి ఎర్రసిరాతో టా రాశాడట. సూపరింటెండెంటు గారు మందలిస్తే, "తప్పు చూసి కూడా నిశ్శబ్దం పాటించమంటారా?" అన్నాడట. ప్రతిసారీ కూతురు తీసుకొస్తుంది. దిండు సర్దుతుంది, దుప్పటి కాళ్ళ కింద దోపుతుంది, కళ్ళజోడు తుడిచి పెడుతుంది. "వెళ్ళమ్మా, ఆఫీసుకి లేటవుతుంది" అని ఆయన నాలుగుసార్లు అంటే గానీ కదలదు.

ఆరు నెలల క్రితం ఆయన టైలరమ్మతో మాట్లాడిన మొదటి మాట ఇది.

"అమ్మాయ్, నీ కుడిచెయ్యి ఖాళీయేనా?"

"ఖాళీ అయితే?"

"నాకు అద్దెకివ్వు."

ఆయనకి ఎడమచేతి నరాలు పాడైపోయి కుడిచేతికి సూదులు గుచ్చడం మొదలుపెట్టారు. రాసే చెయ్యి కట్టుబడిపోయింది. ఆదివారం పేపర్లో వచ్చే గళ్ళ పజిలు ముప్పై ఏళ్ళుగా ఒక్కటీ వదలకుండా పూర్తి చేసినవాడు, రెండు వారాలుగా ఉత్త గళ్ళు చూస్తూ పడుకున్నాడు. పేపర్లోంచి పజిలు కత్తిరించి, అట్టకి క్లిప్పు పెట్టి, పెన్నుతో సహా ఆమె పొట్టమీద పెట్టాడు.

"నాకివి రావు బాబాయ్. పదో తరగతే నేను."

"పదో తరగతి చాలు. ఎక్కువ చదివినవాళ్ళే ఇక్కడ బోల్తాపడతారు. అడ్డం ఒకటి చదువు."

"గడప తిరగబడి బుసకొట్టింది. బ్రాకెట్లో మూడు." టైలరమ్మ అట్ట దించింది. "ఇదేం పిచ్చిరాత? గడప ఎక్కడైనా బుసకొడుతుందా?"

"కొట్టదు. కొడుతుందని నిన్ను నమ్మించడానికే అలా రాశాడు." ప్రూఫులాయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుంటే ఆయనకి గొంతు బాగా లేస్తుంది. "చూడూ, ప్రతి ఆధారమూ రెండు గుడ్డముక్కలు. ఒక ముక్క జవాబుకి అర్థం చెబుతుంది. రెండో ముక్క ఆ జవాబు దేంతో, ఎలా తయారైందో చెబుతుంది. రెండూ కలిపి కుట్టేసి, కుట్టు కనపడకుండా పైన ఇస్త్రీ కొడతాడు. చూసేవాడికి ఒకటే గుడ్డలా, ఒకటే వాక్యంలా ఉంటుంది. ఆ వాక్యాన్ని నమ్మకు. కుట్టెక్కడుందో పట్టుకుని విప్పు. విప్పడం నాకంటే నీకే బాగా వచ్చుండాలి."

విప్పడం ఆమెకి నిజంగానే వచ్చు. పాత బట్ట సైజు పెంచాలంటే ముందు విప్పాలి కదా.

"బుసకొట్టేది పాము," అంది.

"మూడు గళ్ళు. పాము రెండే. బుసకొట్టేటప్పుడు పాము ఏం విప్పుతుంది? అది అర్థం ముక్క. అక్కడాపు. ఇక తిరగబడింది ఎవరు?"

"గడప."

"అయితే తిప్పు."

పెదాలు కదిపింది. గ, డ, ప. చివర్నించి ప... డ... గ.

"పడగ."

"ఎలా?"

"ఎలా ఏంటి, మీరే కదా చెప్పారు!"

"నేను చెప్పింది నాకొద్దు. నువ్వు చెప్పు."

"గడప అక్షరాలు వెనకనించి చదివితే పడగ. బుసకొట్టేటప్పుడు పాము విప్పేది పడగ."

"ఇప్పుడు రాయి."

రాసింది. లోపల చిన్న చప్పుడేదో అయింది, చొక్కాకి ప్రెస్ బటన్ పడ్డట్టు. సంతోషమంటారా, అంత పెద్ద మాట అక్కర్లేదు. చాలా రోజుల తర్వాత లోపల ఏదో కదిలింది, అంతే.

అలా పడింది అలవాటు. ఆదివారం పజిలు మంగళవారం మొదలై శనివారానికి పూర్తవ్వాలి. ఆమె చదువుతుంది, ఇద్దరూ ఆలోచిస్తారు, ఆమె రాస్తుంది. పెన్నుతోనే, పేపరు కాగితం మీద రబ్బరు పెడితే చిరుగుతుంది. అందుకే ఆయన ఒక షరతు పెట్టాడు. ఆ షరతు దగ్గర మాత్రం రాయిలాంటివాడు. ఒకసారి అడ్డాలూ నిలువులూ కలిసి మొదట క, చివర ప పడ్డాయి. మధ్యలో ఒక్క గడి ఖాళీ. "పలక తిరగేస్తే వడ్రంగికి పని దొరికింది" అన్నది ఆధారం.

"కలప," అంది టైలరమ్మ పెన్ను మూత తీస్తూ.

"ఎలా?"

"వడ్రంగికి పని అంటే కలప. పైగా ఆ గళ్ళలో ఇంకేం పడుతుంది?"

"పట్టడం వేరు, రావడం వేరు. ఎలాగో చెప్పాకే రాయాలి."

"అబ్బబ్బ! కరెక్టేనా, కాదా?"

"కరెక్టే. మూత పెట్టు." అని, "నా సర్వీసులో 'ఇదే అయ్యుంటుందిలే' అనుకుని వదిలేసినవన్నీ తెల్లారేసరికి అచ్చులో నా మొహాన కొట్టాయమ్మా," అన్నాడు.

పలకని వెనకనించి చదవడం తట్టడానికి ఆమెకి పది నిమిషాలు పట్టింది. ఆయన నోరు మెదపలేదు. చెప్పాక తల ఊపాడు. అప్పుడు రాసింది.

రానురాను ఆమెకి చెయ్యి తిరిగింది. "తిరిగి", "వెనక్కి", "తల్లకిందులై" అన్న మాట కనిపిస్తే పక్కమాటని తిప్పాలి. "చెదిరి", "తడబడి", "కలగాపులగమై" అంటే అక్షరాల చోట్లు మార్చాలి. నవల చెదిరితే వలన అవుతుంది. "లోపల", "దాక్కుని" అంటే జవాబు ఆ మాటల్లోనే బిక్కుబిక్కుమని కూర్చునుంటుంది. "మంచి గురువు లోపల మొలిచేది" అంటే చిగురు. తల పోయిందంటే మొదటి అక్షరం కొట్టేయాలి. "బంగారు తల పోయినా మర్యాద మిగిలింది" అన్నది చూసి ఆమె ఒక గంటసేపు బంగారుతో కుస్తీపట్టి, చివరికి "గారు!" అని కేకేస్తే, ఆరో మంచం మీద నిద్రపోతున్న లెక్కల పంతులు ఉలిక్కిపడి లేచి "ఎవరూ, నన్నేనా?" అన్నాడు.

ఈ పజిళ్ళవల్ల ఆమె బాగుపడిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాలుగు గంటల్లో గంటా గంటన్నర గడిచేది. మిగతా టైమంతా పైకప్పు చూడ్డమే. మిషను దిగాక ఒళ్ళంతా పిండేసిన గుడ్డలా ఉండేది. మధ్యాహ్నం పడుకుని, సాయంత్రం రెండు గంటలు కుట్టి, అరలీటరు నీళ్ళని రోజంతటికీ పంచుకుని, మళ్ళీ పొద్దున్నే తూకం. ఇందులోంచి బయటపడే దారి ఒక్కటే ఉంది. ఆ దారి పేరు తమ్ముడు.

తమ్ముడు ఆమెకంటే ఎనిమిదేళ్ళు చిన్న. అమ్మ పోయేసరికి వాడికి పదకొండు, ఈమెకి పంతొమ్మిది. పాత కుట్టుమిషను ఒకటి కొని, వాడిని పెంచింది. ఆ పెంపకం గురించి ఆమె ఎప్పుడూ గొప్పలు పోలేదు. "అన్నం పెట్టాను, వీపు మీద వాయించాను, పెరిగాడు," అనేది. ఇప్పుడు వాడు కంపెనీ సరుకులు చేరవేసే వ్యాను నడుపుతాడు. పెళ్ళాం, నాలుగేళ్ళ కూతురు. టైలరమ్మని ఆసుపత్రిలో చేర్చిన మొదటి వారమే, వరండాలో చుట్టాలందరి ముందూ, చొక్కా పైకెత్తి మరీ చెప్పాడు. "మా అక్కకి నేనిస్తా. రెండున్నాయి కదా, దానికోటి నాకోటి." పెద్దమ్మ వాణ్ణి పట్టుకుని బావురుమంది. వాళ్ళ సొంత బాబాయి భుజం తట్టాడు. మరదలు మాత్రం చంటిదాన్ని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.

అందరి ముందూ అన్న మాట మేకు లాంటిది. దిగాక లాగడం కష్టం.

పరీక్షలు నెలల తరబడి సాగాయి. రక్తం గ్రూపు కలిసింది. ఆ తర్వాతి పరీక్షా కలిసింది. "ఇంత బాగా కలవడం అరుదు," అన్నారు పెద్ద డాక్టరు. స్కానింగులు కూడా శుభ్రంగా ఉన్నాయన్నారు. మిగిలింది ఒక్కటే, ఆ మంగళవారం: దాతని ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి ఇష్టపడే ఇస్తున్నాడా అని కౌన్సిలరమ్మ అడుగుతుంది. అది ఉత్త లాంఛనం, సంతకాల పని అని అందరూ అనుకున్నారు.

ఆ మంగళవారం, కింద టైలరమ్మ మిషను మీద ఉంది, పైన మూడో అంతస్తులో తమ్ముడు కౌన్సిలరమ్మ గదిలో ఉన్నాడు. ఆ కిడ్నీ వస్తే ఈ మంచం దిగిపోవచ్చు. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగొచ్చు. ఆమె ఊహ అంతవరకే వెళ్ళేది. గ్లాసు, నీళ్ళు, గటగటా. తర్వాత ఏముంటుందో తోచేది కాదు.

"నిలువు నాలుగు చదువు," అన్నాడు ప్రూఫులాయన.

"తల తిరిగి పందిరి పట్టుకుంది. రెండు."

చదివిందో లేదో, ఆమెకి నిజంగానే తల తిరిగింది. రక్తంలోంచి నీరు తొందరగా లాగేస్తే బి.పి. పడిపోతుంది. చెవుల్లో హోరు. సిస్టరు పరిగెత్తుకొచ్చి మంచం కాళ్ళవైపు పైకెత్తి, సెలైను వదిలింది.

"లత," అంది టైలరమ్మ కళ్ళు తేలేసి.

"లతెవరమ్మా? ఫోన్ చెయ్యమంటావా?"

"తల... తిరిగితే... లత."

"అయ్యో, బాగా పడిపోయినట్టుంది, బి.పి. ఎంతుంది?" అని సిస్టరు కంగారుపడుతుంటే, పక్క మంచం మీంచి ప్రూఫులాయన, "ఏం ఫరవాలేదు సిస్టర్, బుర్ర పనిచేస్తోంది," అన్నాడు. "త, ల తిరిగితే ల, త. పందిరి పట్టుకునేది తీగ. అమ్మాయ్, అది రాయొచ్చు. లేచాక రాద్దువులే."

పదకొండున్నరకి మిషను దిగింది. తమ్ముడు రాలేదు. కిందికొచ్చి కనబడి వెళతానన్నాడు. ఫోను చేస్తే, "లోడు అర్జంటక్కా, వెళ్ళిపోయా. అంతా అయింది. వాళ్ళే చెబుతారట," అన్నాడు. వెనక వ్యాను చప్పుడు లేదు. మరదలు గిన్నెలు సర్దుతున్న చప్పుడుంది.

గురువారం తొమ్మిది గంటలప్పుడు ఇద్దరూ అడ్డం పదకొండు మీద ఉన్నారు. "నిద్రలో వచ్చింది, దేవుడిచ్చాడు, రెండూ కలిస్తే మనసు కుదుటపడదు. నాలుగు."

"ఇందులో తిరగడం, తలపోవడం ఏమీ లేవు బాబాయ్."

"లేవు. 'కలిస్తే' అంటున్నాడుగా. రెండు చిన్నమాటలు పక్కపక్కన పెట్టాలి, అంతే."

"నిద్రలో వచ్చేది... గురక."

"నీకు గురకొస్తుందేమో. మర్యాదస్థులకి ఇంకోటొస్తుంది."

"కల." వేళ్ళు మడిచింది. "దేవుడిచ్చేది వరం. కల, వరం. కలవరం. మనసు కుదుటపడకపోవడం."

"రాయి."

క, ల రాసి, వ రాస్తుండగా కౌన్సిలరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. మెత్తని మనిషి. చేతిలో ఫైలు గుండెకి ఆనించుకుని ఉంది. టైలరమ్మ నాలుగో అక్షరం కూడా రాసి పెన్ను పక్కన పెట్టింది.

"మీ తమ్ముడి విషయం మాట్లాడదామనండీ."

"చెప్పండి."

"ఆయన దాతగా సరిపోరండి. వైద్యపరమైన కారణాలు."

"ఎలా?"

ఆ మాట అలవాటు కొద్దీ వచ్చేసింది. కౌన్సిలరమ్మ తడబడింది. "అంటే... ఆయన వివరాలు ఆయనవండీ. మీకు చెప్పడానికి రూల్సు ఒప్పుకోవు. మీరు అధైర్యపడకండి. వేరే దారి ఉంది, జాబితాలో మీ పేరు వేద్దాం. శనివారం ఫారం తీసుకొస్తాను."

"సరేనండి."

ఆవిడ రెండు నిమిషాలు నిలబడింది, ఏడుస్తుందేమో పట్టుకుందామన్నట్టు. ఏడవకపోయేసరికి దుప్పటి అంచు ఒకసారి సర్ది వెళ్ళిపోయింది.

టైలరమ్మ పైకప్పు చూస్తూ పడుకుంది. బాధ రావాలి కదా అనుకుంది. మొద్దుబారిన కాలిని గిల్లి చూసుకున్నట్టు, లోపల అక్కడక్కడా నొక్కి చూసుకుంది. ఎక్కడా ఏమీ తగల్లేదు. కానీ చేతివేళ్ళు వాటి పని అవి చేస్తున్నాయి, కుట్టు వెతుకుతున్నాయి.

కౌన్సిలరమ్మ చెప్పిన వాక్యం నున్నగా ఉంది, ఇస్త్రీ కొట్టినట్టు. వైద్యపరమైన కారణాలు. వాడి ఒంట్లో నిజంగా ఏదైనా లోపం బయటపడితే? ముందు వాడికి చెప్పి మందులు రాస్తారు. మరదలు ఊరంతా ఏకం చేస్తుంది. పెద్దమ్మ ఫోను చేసి "నీకేనా అనుకుంటే వాడికి కూడానా" అని శోకాలు పెడుతుంది. ఎవరూ ఫోను చెయ్యలేదు. వాడు నిన్న సాయంత్రం కూడా లోడు దించుతున్నాడు. స్కానింగులు శుభ్రంగా ఉన్నాయని పెద్ద డాక్టరే అన్నారు. ఆ తర్వాత జరిగింది ఒక్కటే: వాణ్ణి ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి, తలుపేసి, అడిగారు.

తలుపేసి అడిగారు. అంతే. అక్కడ విడిపోయింది కుట్టు.

"బాబాయ్," అంది పైకప్పు మీంచి కళ్ళు తిప్పకుండా. "మా వాడికి ఏమీ లేదు. వాడు వద్దన్నాడు. వీళ్ళు కప్పిపుచ్చుతున్నారు."

ఎలా అని ఆయన అడుగుతాడని చూసింది. అన్నీ వరసగా చెప్పడానికి సిద్ధంగా ఉంది. ఆయన అడగలేదు. ఇటు తిరిగి చూస్తే కళ్ళు తెరుచుకునే ఉన్నాడు.

"నాకూ ఇదే మాట చెప్పారు," అన్నాడు. "అక్షరం పొల్లుపోకుండా. నాలుగేళ్ళయింది."

"ఎవరి విషయంలో?"

"మా అమ్మాయి."

దిండు సర్దే అమ్మాయి, కాళ్ళ కింద దుప్పటి దోపే అమ్మాయి, వెళ్ళమంటే వెళ్ళని అమ్మాయి.

"మీరు అడగలేదా, ఎలా అని?"

"లేదు."

"ప్రతి చిన్నదానికీ నా ప్రాణం తీస్తారే!"

"అది కాగితమమ్మా." ఆయన గొంతు తడారిపోయి ఉంది, ఇక్కడ అందరి గొంతులూ అంతే. "ఎలాగో తెలిస్తే రాయక తప్పదు. రాసినది మళ్ళీ చెరపలేను. ఆ పిల్ల రోజూ నా కళ్ళజోడు తుడుస్తుంది. నాకది చాలు."

"కోపం రాలేదా?"

"వచ్చింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలీక అక్కడే వదిలేశా. నీకు వచ్చిందా?"

టైలరమ్మ ఆలోచించింది. "లేదు బాబాయ్. రావాలని చూస్తున్నా."

ఆ రోజు ఇంకో ఆధారం చదవలేదు.

శుక్రవారం ఆమె ఇరవై మూడు జతల యూనిఫాంలకి గుండీలు కుట్టింది. మధ్యలో రెండుసార్లు ఫోను తీసింది. వాణ్ణి నిలదీయడానికి ఒక్క వాక్యం చాలు: "ఒరే, తలుపేసుకుని ఏం చెప్పావురా?" వాడికి అబద్ధం నిలబెట్టుకోవడం చిన్నప్పట్నుంచీ చేతకాదు. గట్టిగా అడిగితే కక్కేస్తాడు. కక్కేశాక రెండే జరుగుతాయి. సిగ్గుతో చచ్చినట్టు ఒప్పుకుని, ఆపరేషన్ బల్ల ఎక్కి, జన్మంతా ఆమె కళ్ళలోకి చూడలేడు. లేదా గుమ్మం తొక్కడం మానేస్తాడు. రెండు రకాలుగానూ వాడు ఉండడు. ఇప్పటికి కిడ్నీ పోయింది. అడిగితే తమ్ముడు కూడా పోతాడు. ఇది ఆమెకి దుఃఖంలా తోచలేదు, కొలతలా తోచింది. గుడ్డ ఇంతే ఉంది, ఇందులో ఏం వస్తుంది? ఫోను కుట్టుమిషను సొరుగులో పడేసి మళ్ళీ గుండీలందుకుంది.

శనివారం తమ్ముడు తనే వచ్చాడు. ఎనిమిదిన్నర. స్నానం చేసి, దువ్వుకుని, మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. చేతిలో బిస్కెట్ల పొట్లం.

"అక్కా."

"రారా. స్టూలు లాక్కో."

లాక్కోలేదు. "చెప్పారటగా."

"చెప్పారు."

"నేను ఇద్దామనే అక్కా... నీకు తెలుసుగా, నేనే కదా ముందు..."

"తెలుసురా."

"నరమంట," అన్నాడు మిషను గొట్టం వంక చూస్తూ. ఎర్రగా రక్తం తిరుగుతోంది అందులో. "కిడ్నీకి పోయే నరం ఏదో సన్నగా ఉందంట నాకు. కోస్తే... కష్టమంట. లేకపోతే నేను..."

ప్రూఫులాయన గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయేవాడి ఊపిరి అలా ఉండదు.

టైలరమ్మ తమ్ముడి మొహం చూసింది. నరమట. పాపం రెండు రోజులు కూర్చుని ఆలోచించి ఉంటాడు. చేతకాని కుట్టు, నాలుగు వేళ్ళ వెడల్పున దారాలు బయటికి వేలాడుతున్నాయి. ఒక్కటి పట్టుకుని లాగితే చాలు. కుడిచెయ్యి ఖాళీగానే ఉంది.

"నరం సన్నమైతే బరువులు జాగ్రత్తగా ఎత్తరా," అంది.

వాడు అక్కడే నిలబడి, బిస్కెట్ల పొట్లం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. ఆరో మంచం లెక్కల పంతులు తల తిప్పి చూసి, మళ్ళీ తిప్పేసుకున్నాడు. టైలరమ్మ వాడి ఏడుపుని రోడ్డుకి అవతల పడుతున్న వానని చూసినట్టు చూసింది. ఇక్కడ తడి లేదు.

"ఊరుకో. అందరూ చూస్తున్నారు. ఆ బిస్కెట్లు నేను తినకూడదు, నువ్వు తిను."

అప్పుడే కౌన్సిలరమ్మ ఫారం తెచ్చింది. చనిపోయినవాళ్ళ అవయవాల కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా అది. పేరు, వయసు, రక్తం గ్రూపు అన్నీ ఆవిడే నింపింది. "ఇవి మాత్రం మీ చేత్తోనే రాయాలండీ," అని కింది వరస చూపించింది. కుటుంబంలో దాత ఉన్నారా? లేనిచో కారణం.

టైలరమ్మ ఫారాన్ని అట్టకి క్లిప్పు పెట్టుకుంది. మొదటిదానికి "లేరు" అని రాసింది. రెండోదాని దగ్గర పెన్ను కాసేపు ఆగింది. కౌన్సిలరమ్మ, "అక్కడ ఖాళీ వదిలేసినా ఫరవాలేదండీ," అంది గబగబా.

టైలరమ్మ రాసింది: తమ్ముడికి నరం సన్నం.

కౌన్సిలరమ్మ చదివింది. ఫైల్లో అలాంటి మాట లేదని ఆవిడకి తెలుసు. "ఇది..."

"మా వాడే చెప్పాడండీ."

ఆవిడ తమ్ముడి వంక చూసింది. తమ్ముడు బిస్కెట్ల పొట్లం మీద అక్షరాలు చదువుకుంటున్నాడు. ఆవిడ సంతకం చేయించుకుని, ముద్ర వేసింది.

"మీ నంబరు నాలుగు వందల పన్నెండు."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అడిగాడు తమ్ముడు.

"ఐదేళ్ళు పట్టొచ్చు, ఆరేళ్ళు పట్టొచ్చు. ఒక్కోసారి ముందే రావచ్చు. చెప్పలేం."

ఆవిడ వెళ్ళిపోయింది. తమ్ముడు స్టూలు లాక్కున్నాడు. ఒక కాలు పొట్టిదేమో, కూర్చోగానే ఒక పక్కకి ఒరిగింది.

"ఇవాళ నేనే ఇంటికి దింపుతాను," అన్నాడు.

"ఇంకా చాలా టైముంది. లోడు లేదా?"

"ఉంది. చెప్పొచ్చాలే." ముక్కు తుడుచుకున్నాడు. "మంగళవారం కూడా నేనే తీసుకొస్తా. ఆరుకి వస్తే చాలా?"

"ఆరుంబావుకి రా. ఆరుకి ఆసుపత్రి గేటు తియ్యరు."

"సరే, ఆరుంబావు."

వాడు పొట్లం విప్పి బిస్కెట్ ఒకటి తీసి, తినాలా వద్దా అన్నట్టు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. టైలరమ్మ మిషను మీద అంకె చూసింది. రెండు గంటల ఆరు నిమిషాలు మిగిలుంది.